తడి ఆరని బొమ్మ

"ఇందులో మనుషులు ఎక్కడ ఉంటారండీ?"

గుమ్మంలో నిలబడి ఆమె అడిగిన మొదటి మాట అది. చేతికి గాజులా టేపు చుట్ట వేసుకుంది. చెవి వెనక మార్కర్ దోపుకుంది. మెడలో ప్యాకర్స్ కంపెనీ కార్డు, దాని మీద సూపర్‌వైజర్ అన్న అక్షరాలు.

ఈజిల్ పక్కన కూర్చున్న ఆర్టిస్టు తలెత్తాడు. "నేనొక్కడినే ఉంటానండీ. మిగతాదంతా సామాను."

"అయ్యో, మిమ్మల్ని కూడా కట్టేద్దామనుకున్నాను. కదలకుండా కూర్చుంటే ఎలా తెలుస్తుంది?"

అతనికి కోపం రావాలి. నవ్వొచ్చింది.

ఆ పాత బిల్డింగు అమ్ముడుపోయింది. పై అంతస్తులో ఉన్న అతని స్టూడియో ఖాళీ చేయాలి. ఇంకో ఊరి చివర వెలుతురు బాగా వచ్చే పెద్ద షెడ్డు ఒకటి దొరికింది. సామాను చేరవేసే పని ఆమె నాన్నగారి కంపెనీకి వచ్చింది. అంటే సామాను కట్టడం అయ్యేవరకే ఆమెను చూడగలడు. ఆ తర్వాత ఆమె ఈ ఊళ్ళో, తను ఆ ఊళ్ళో.

ఈ సంగతి మొదటిరోజు అతనికి అంత బాధనిపించలేదు. రెండోరోజుకి బాగా అనిపించింది.

కట్టడం అంత తేలిగ్గా సాగలేదు. ఆమె ఒక్కో వస్తువు పైకెత్తి ఉంచాలా, పారేయాలా అని అడిగేది. అతను దాని కథ మొదలుపెట్టేవాడు. పిడి విరిగిన కప్పులో కలిపితేనే నీలం కుదురుతుందట. ఎండిపోయిన ట్యూబులు ఏదో ఒకరోజు పనికొస్తాయట. ప్లాస్టర్‌తో చేసిన చెయ్యి దొరికింది. అది శిల్పాలు చేసే స్నేహితుడు ఊరు వదిలి వెళ్తూ ఇచ్చిందని చెప్పాడు.

"ఓహో, చెయ్యిచ్చి పోయాడన్నమాట," అందామె, ఆ చేతికి బబుల్ ర్యాప్ చుడుతూ.

అతను అంతసేపు నవ్వడం చూసి ఆమె కూడా నవ్వింది. నవ్వితే ఆమె ఎడమ కన్ను ముందు మూసుకుంటుందని, తర్వాత కుడికన్ను మూసుకుంటుందని అతను కనిపెట్టాడు. బొమ్మలేసేవాడి కన్ను మరి.

చివరికి అన్నీ పెట్టెల్లోకి వెళ్ళాయి. ఈజిల్ మీద బొమ్మ ఒక్కటే మిగిలింది. కిటికీలోంచి కనిపించే వీధి, వాన, కరెంటు తీగలు. ఆమె చిటికెన వేలితో ఓ మూల తాకి చూసింది. నూనె రంగు, ఇంకా తడిగానే ఉంది.

తడి బొమ్మ కడితే పాడవుతుంది, ఆరాక వస్తానంది. వెళ్తూ వెళ్తూ, రోజూ ఒకసారి వచ్చి చూసుకుంటానని కూడా అంది.

రోజూ. ఆ మాట చాలు. ఆమె మెట్లు దిగగానే అతను కుంచె తీసి వానలో ఇంకో నాలుగు చినుకులు కలిపాడు. కొత్త రంగు పడితే ఆరడం మళ్ళీ మొదటికొస్తుంది.

మర్నాడు ఆమె వచ్చి తాకింది. ఆరలేదు. వాన చెమ్మ కదండీ అన్నాడతను. అవునండీ, చెమ్మే అందామె. ఆ తర్వాత వాన వెలిసి ఎండ మాడ్చేస్తున్నా ఇద్దరూ చెమ్మనే తిట్టుకున్నారు.

ఒకరోజు పొద్దున్న అతను టీ తాగి వచ్చేసరికి బొమ్మలో కరెంటు తీగ మీద నల్లగా ఏదో ఉంది. మొదట పాత చెప్పేమో అనుకున్నాడు. పరీక్షగా చూస్తే ముక్కుంది. కాకి. అంత ఘోరమైన కాకిని అతను చిన్నప్పుడు కూడా వేసి ఉండడు. గది తాళంచెవి ఇంకొకటి ఉన్నది ఆమె దగ్గరే.

అతని గుండె గంతులేసింది. ఆ వెంటనే భయం కూడా వేసింది. సరదాకి వేసిందో, మనసుపడి వేసిందో కాకి మొహం చూసి ఎలా చెప్పగలం? అడిగితే ఆమె నవ్వేసి, ఇక రావడమే మానేస్తే?

అడగలేదు. ఆ కాకి పక్కన ఇంకో కాకిని వేశాడు, కాస్త ఒరిగి కూర్చున్నట్టు. మర్నాటికి మొదటి కాకి గొడుగు పట్టుకుంది. ఆ మర్నాడు అతను ఆ గొడుగును ఇద్దరికీ సరిపడా పెద్దది చేశాడు.

నోటితో మాత్రం ఒక్కటే మాట. ఆరిందా అని ఆమె, ఆరలేదండీ అని అతను.

బిల్డింగు కొన్నాయన ఫోన్ చేసి గట్టిగా అడిగితే, చివరికి ఆమె నాన్నగారే మెట్లెక్కి వచ్చారు. భారీ మనిషి, మెత్తటి గొంతు. బొమ్మను తాకి, వేలికంటిన నలుపు చూసుకున్నారు.

"దీనికోసమా ఇన్నాళ్ళు ఆగారు? తడి బొమ్మల పెట్టె మన దగ్గర ఉంది కదమ్మా. బొమ్మ ఎక్కడా తగలకుండా మధ్యలో నిలబడే పెట్టె. కిందటేడు పట్టుబట్టి చేయించింది నువ్వేగా."

ఆమెకి ఉన్నట్టుండి టేపు చివర వెతకడం చాలా ముఖ్యమైన పని అయిపోయింది. అతను ఆమె చెవుల వంక చూశాడు. ఎర్రగా ఉన్నాయి.

"ఆ పెట్టె రిపేరులో ఉంది నాన్నా."

"పెట్టెకి రిపేరేంటమ్మా?"

ఆయన బొమ్మలో గొడుగు కింద కాకుల్ని చూశారు. కూతురి గోళ్ళలో నలుపు చూశారు. అతని మొహం కూడా ఓసారి చూశారు. తర్వాత గొంతు సవరించుకుని, పెట్టె రిపేరులో ఉంది కాబట్టి ఇద్దరూ చెరోపక్కా పట్టుకుని వ్యాన్ వెనక కూర్చోమన్నారు. తనే నడుపుతానన్నారు.

అలా బయల్దేరారు, పెట్టెల మధ్య ఎదురెదురుగా, నడుమ బొమ్మ నిలబెట్టుకుని. రంగు వైపు ఆమె, వెనక గుడ్డ వైపు అతను. బొమ్మ అంచు పైన ఆమె కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఊరు దాటాక అతను ధైర్యం కూడగట్టుకున్నాడు.

"కాకిని ఎందుకు వేశారు?"

"ముందురోజు మీరు రంగు వేయడం మర్చిపోయారు. వచ్చి చూస్తే ఆరిపోయి ఉంది." ఆమె గొంతు చిన్నదైంది. "ఆరిపోతే మీరు వెళ్ళిపోతారుగా."

ఆ ముందురోజు రాత్రి అతను రంగు వేయకుండానే పెట్టెల మీద నిద్రపోయాడు. ఆ నిద్రకి చేతులెత్తి మొక్కాలనిపించింది, కానీ చేతులు ఖాళీగా లేవు.

"మీరంటే నాకు చాలా ఇష్టమండీ," అన్నాడు. "మొదటిరోజు నుంచీ."

ఆమె కళ్ళు కూడా బొమ్మ వెనక్కి వెళ్ళిపోయాయి. ఆమెకి బదులుగా ముందు సీటు నుంచి మెత్తటి గొంతు వినిపించింది. ఆ ఊళ్ళో ఒక బ్రాంచి తెరవాలని ఆయనకి ఎప్పటినుంచో ఉందట, నమ్మకంగా చూసుకునే మనిషే కావాలట.

"నువ్వు రోడ్డు చూసి నడుపు నాన్నా."

"రోడ్డే చూస్తున్నాను తల్లీ. చెవులు ఖాళీగా ఉన్నాయి, అంతే."

సరిగ్గా అప్పుడే స్పీడ్ బ్రేకర్ వచ్చింది. వ్యాన్ ఎగిరింది, బొమ్మ ఆమె మీదికి ఒరిగింది. అతను కంగారుగా వెనక్కి లాగేసరికి ఆమె చెంప మీద ఒక కాకి అచ్చుపడి ఉంది. ఒక్క చేత్తో బొమ్మ పట్టుకుని, రెండో చేత్తో జేబులోంచి రుమాలు తీశాడు.

ఆమె తల వెనక్కి జరిపింది. "ఉండండి. నేను వేసిందా, మీరు వేసిందా?"

అతను పరీక్షగా చూశాడు. కాకి కాస్త ఒరిగి ఉంది. "నేను వేసిందండీ."

ముందు ఎడమ కన్ను, తర్వాత కుడికన్ను.

"అయితే ఉండనివ్వండి."