బొమ్మ రాని కంప్యూటర్

కాగజ్‌నగర్‌లో పెండ్లిచూపులనాడు రాజేశ్వరి తల వంచుకొని కూర్చోలేదు. చాయ్ ఇచ్చి, ఎదురుగా పీట మీద కూర్చొని, రామచంద్రాన్ని ఒకే ఒక్క మాట అడిగింది.

"మీ కంప్యూటర్ల మెమరీ ఎంతుంటది?"

రామచంద్రం చాయ్ కప్పు కింద పెట్టాడు. "మస్తుగుంటది," అన్నాడు.

ఆమె నవ్వింది. పైకి కాదు, కప్పులు సర్దుకుంటూ, కింది పెదవితో. ఆ నవ్వు చూశాక రామచంద్రం సిరిసిల్ల బస్సెక్కి ఇంటికి చేరాడు గానీ, ప్రాణం మాత్రం కాగజ్‌నగర్ బస్టాండులోనే ఉండిపోయింది.

ఆ "మస్తు" వెనుక ఒక కథ ఉంది. రామచంద్రం తండ్రి సిద్దిరాములుకు సిరిసిల్లలో సాంచాలున్నాయి, అంటే మరమగ్గాలు. ఎదురింటి బుచ్చిరాములు కలర్ టీవీ కొన్నాడని తెలిసిన మరుక్షణం నుంచి ఆయనకు నిద్ర లేదు. కొంటే దానికంటే పెద్దది కొనాలనుకొని కంప్యూటర్ కొన్నాడు. దానితో ఏం చేస్తావని ఎవరైనా అడిగితే, "ఇంట్ల ఉండాలె గదా," అనేవాడు. కొడుకును కరీంనగర్‌కు కోర్సుకు పంపించాడు. అక్కడ కంప్యూటర్ ఒక్కటి, నేర్చుకునేవాళ్లు గదినిండా. రామచంద్రానికి వెనక వరుస దొరికింది. కోర్సు ముగిసేసరికి ముందు కూర్చున్నవాళ్ల మెడలన్నీ అతనికి కంఠతా వచ్చాయి. సర్టిఫికెట్ కూడా వచ్చింది. తండ్రి దానికి పటం కట్టించి దేవుళ్ల వరుసలో తగిలించాడు. సంబంధాలు ఆ పటాన్ని చూసే రావడం మొదలుపెట్టాయి.

ఇక కంప్యూటర్‌కు జరిగే మర్యాద ఇంటి అల్లుడికి కూడా జరగదు. దాని గదిలోకి చెప్పులతో ఎవరూ పోకూడదు. సాంచాల దూది వచ్చి పడుతుందని కిటికీ శాశ్వతంగా మూసేశారు. సొంత సాంచం మీద నేసిన గుడ్డతో ముసుగు కుట్టించారు. పొద్దున బొట్టు పెట్టడం, మాపటికి ఆ గదిలో దీపం పెట్టడం బాపమ్మ పని. బాపమ్మంటే సిద్దిరాములు తల్లి కమలవ్వ. మోకాళ్ల నొప్పుల మనిషి, ఏ పనైనా కింద కూర్చునే చేస్తుంది.

కొన్నాళ్లకు రాజేశ్వరి తండ్రి సాంబయ్య కబురు పంపాడు. ఆయన పేపర్ మిల్లులో గుమాస్తా. బిడ్డ పుట్టినప్పుడు వేములవాడ రాజన్నకు కోడెను కడతానని మొక్కుకున్నాడట. బిడ్డను తీసుకొని వచ్చి ఆ మొక్కు చెల్లించి, పోతూ పోతూ ఇల్లు చూసి, ఆ కంప్యూటర్‌ను కూడా చూసి, మాట ఖాయం చేసుకుంటామన్నాడు.

వాళ్లు రావడానికి ముందటి సాయంత్రం సిద్దిరాములు దాన్ని ఒకసారి నడిపించి చూడమన్నాడు. బాగానే నడిచింది. రామచంద్రం తెర మీద రాజేశ్వరి పేరు కొట్టాడు, చెరిపాడు, మళ్లీ కొట్టాడు. ఇంతలో తండ్రి పిలిస్తే అట్లాగే వదిలేసి లేచిపోయాడు. ఆ తర్వాత కరెంటు పోయింది.

మర్నాడు చుట్టాలు వచ్చారు. మగవాళ్లు కుర్చీల్లో కూర్చున్నారు, రాజేశ్వరి బాపమ్మ పక్కన చాప మీద చేరింది. వాడకట్టులో పని లేనివాళ్లూ, పని మానుకున్నవాళ్లూ గుమ్మంలో నిలబడ్డారు. సిద్దిరాములు విగ్రహావిష్కరణ చేసినట్టు ముసుగు తీశాడు. రామచంద్రం స్విచ్ వేశాడు. డబ్బా గుయ్యిమంది. మానిటర్ మూలన పచ్చలైటు వెలిగింది. తెర మాత్రం పొయ్యి మీది పెనంలా నల్లగా ఉంది.

జర వేడెక్కాలని సిద్దిరాములు సభకు తెలియజేశాడు. ఆయనకే చెమట పట్టింది గానీ తెర మీద ఏమీ రాలేదు. సాంచాలు బాగుచేసే ముత్యం, ఎక్కడో పోగు తెగిందన్నాడు. తెగిన పోగు కోసం వైర్లన్నీ పీకి, ఊది, మళ్లీ గుచ్చారు. తన టీవీకైతే యాంటెనా తిప్పితే బొమ్మ వస్తుందనీ, దీనికి యాంటెనా ఎక్కడుందనీ బుచ్చిరాములు అడిగాడు. ఆ గొంతులో సాయం కంటే సంతోషమే ఎక్కువుంది. సిద్దిరాములు ఎస్‌టీడీ బూత్‌కు ఉరికి కరీంనగర్ దుకాణానికి ఫోన్ చేసి వచ్చాడు. డబ్బా విప్పి, మెమరీని బయటికి తీసి, పెన్సిల్ రబ్బరుతో రుద్దమన్నారట.

అందులో మెమరీ ఏదో రామచంద్రానికి తెలియదు. మెడల వెనుక నుంచి అంత దూరం కనబడలేదు. డబ్బా విప్పి, లోపలున్నవాటిలో ఏది పీకితే వచ్చిందో దాన్నే పట్టుకొని శ్రద్ధగా రుద్దసాగాడు.

"మస్తుగున్నదా?" అని చాప మీది నుంచి మెల్లగా వినిపించింది.

అతని చెవులు ఎర్రబడ్డాయి. రుద్దినదాన్ని దాని చోట పెట్టి మళ్లీ స్విచ్ వేశాడు. అదే గుయ్యి, అదే నలుపు.

సాంబయ్య మర్యాదస్తుడు. గోడ మీది పటాన్ని చూశాడు, తెరను చూశాడు, మళ్లీ పటాన్ని చూశాడు. తర్వాత బస్సుకు వేళవుతోందన్నాడు. ఆ బస్సు పోతే సంబంధం కూడా అందులోనే పోతుందని రామచంద్రానికి తెలిసిపోయింది.

రాజేశ్వరి లేచి, మంచినీళ్ల గ్లాసు అందిస్తున్నట్టు దగ్గరికొచ్చింది. "తెర కింద అంచుకు రెండు బిళ్లలున్నయి. కుర్చీలకెల్లి కండ్లవడయి, చాప మీదికెల్లి కండ్లవడ్తయి. కుడిపక్కకు తిప్పుండ్రి," అంది, అతనికి మాత్రమే వినబడేట్టు. "నేన్జెప్పిన్నని ఎవ్వలకు చెప్పకుండ్రి."

రామచంద్రం చెయ్యి పెట్టాడు. బిళ్ల వేలికి తగిలింది. తిప్పితే చాలు. తండ్రి మీసం మళ్లీ లేస్తుంది, బుచ్చిరాములు ఇంటికి పోతాడు, ఈ పిల్ల ఈ ఇంటికొస్తుంది. కానీ వచ్చాక? బతికినన్నాళ్లు ఆమె ఏది అడిగినా "మస్తు" అనుకుంటూ గడపాలి. ఆమెకేమో నిజం తెలుసు. వేలు బిళ్ల మీదే ఆగిపోయింది.

"నాకు రాదు మామా," అన్నాడు సాంబయ్యతో. "కోర్సుల ఎనకకు కూసున్న, ఒక్కనాడు సుత ముట్టుకోలే. గా పటం ఉత్తదే. గీ బిళ్ల సుత మీ బిడ్డె చూపెట్టింది."

అని తిప్పాడు. తెర మీదికి వెలుగు మెల్లగా వచ్చింది. అందరి మొహాలూ దానికంటే మెల్లగా తేరుకున్నాయి.

బాపమ్మ ఒక్కతే ఏమీ జరగనట్టు కూర్చుంది. "నేనే తగ్గించిన," అంది. "నిన్న మాపటికి ఎవ్వలు లేరు, గది ఉత్తగ ఎలుగుతుంది. ఇంట్ల శుభకార్యం పెట్టుకొని దీపం ఆర్పుతరా? కందిలి వత్తి తగ్గించినట్టు జర తగ్గించి పెట్టిన."

"గా మాట పొద్దుగాల్నే చెప్పద్దా అవ్వా?" అన్నాడు సిద్దిరాములు నీరసంగా.

"నన్నెవ్వలడిగిండ్రు? కరీంనగర్‌కు ఫోన్ జేస్తిరి గని."

గుమ్మంలో ఎవరో కిసుక్కుమన్నారు. సాంబయ్య నవ్వలేదు. బిడ్డ వైపు చూశాడు. ఏమంటావని ఆయన కళ్లు అడుగుతున్నాయి.

రాజేశ్వరి రామచంద్రం వైపే తిరిగింది. "కాగజ్‌నగర్ల నేనడిగింది మెమరీ గురించి గాదు. తెల్వదన్న మాట మీ నోట్లెకెల్లి వస్తదా రాదా అని. జర ఆలిశమైంది గని, వచ్చింది."

తర్వాత బాపమ్మ ముందు వంగి బొట్టు పెట్టించుకుంది. "గా బిళ్లలు నేనొచ్చేదాక ముట్టకు బాపమ్మా. వచ్చినంక రోజూ మాపటికి మనిద్దరం కల్సే తగ్గిద్దాం."

సాంబయ్య లేచి వచ్చి రామచంద్రం భుజం మీద చెయ్యి వేశాడు. దాంతో మాట ఖాయమైన సంగతి గదిలో అందరికీ అర్థమైంది. సిద్దిరాములు ఒక్కడే అంతదాకా ఆగలేదు. ఆయన అప్పటికే వాకిట్లో బుచ్చిరాములును నిలబెట్టి, కంప్యూటర్‌ను మా కోడలు ఒక్క వేలితో బాగుచేసిందనీ, మీ టీవీకి అసొంటి కోడలున్నదా అనీ అడుగుతున్నాడు.

బస్టాండుకు రామచంద్రమే తోడు పోయాడు. సాంబయ్య ముందు ఎక్కాడు. రాజేశ్వరి మెట్టు మీద ఒక కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

"ఇంతకు మెమరీ ఎంతుంటది?"

"తెల్వది," అన్నాడు రామచంద్రం.

ఈసారి ఆమె నవ్వును పెదవి కింద దాచుకోలేదు. బస్సు వేములవాడ మలుపు తిరిగేదాకా అది కిటికీలో కనబడుతూనే ఉంది.