సింధూరం పూసిన పచ్చరాయి

ఆచార్య నిశాపతి చనిపోయిన మూడేళ్లకు ఆయన చేతిసంచి అడుగున నల్లమల పటం దొరికింది. ఒక వాగు, చీలిన బండ, గుహ. పక్కన, "ఒకప్పటి లావా భూగర్భం నుంచి మోసుకొచ్చిన పచ్చరాయి ఇక్కడుంది" అని ఆయన చేతిరాత.

నలభై ఏళ్ల కిందట ఆయన ఆ రాయి తెచ్చి, అది కోట్ల ఏళ్లుగా చెక్కుచెదరని, భూమి పైపెంకు కిందుండే మాంటిల్ పొర ముక్క అన్నాడు. రాతిలోని సీసం ఐసోటోపులు, అంటే బరువులో తేడా ఉన్న సీసం పరమాణువులు, ఏ పాళ్లలో ఉన్నాయో కొలిస్తే నిజం తేలుతుంది. కొలిస్తే బజారులో దొరికే సీసం పాళ్లు వచ్చాయి. "సంతసీసం ఆచార్యుడు" అని పేరుపెట్టి పండితులు పగలబడి నవ్వారు. వాళ్లలో ఒక్కడూ కుర్చీ దిగి అడవి చూసిన పాపాన పోలేదు. గురువు మీద పడ్డ ఆ మచ్చ చెరపాలనే ఆయన శిష్యురాలు సువర్చల బయలుదేరింది.

దారి చూపడానికి చెంచు ఈదయ్య, తాళ్లు మోయడానికి ఓబులేసు వచ్చారు. ఓబులేసు దృష్టిలో వజ్రం కానిది రాయే కాదు. తళుక్కుమన్నదల్లా వజ్రమే. అంతటి మేధావి.

రెండో రోజు మధ్యాహ్నం, గబ్బిలాల కంపులో పాకుతూ గుహ చేరారు. నల్లటి గోడలో పచ్చరాళ్లు పొదిగినట్లున్నాయి. సువర్చల చేతితొడుగులు వేసుకునేలోపే ఓబులేసు కొబ్బరికాయ కొట్టి, గోడంతా సింధూరం పులిమాడు.

సువర్చలకు ఒళ్లు మండిపోయింది. ఆ సింధూరంలో ఉన్నది సీసమేనని, చిటికెడు పడినా రాతిలోని సీసం లెక్క మట్టిపాలేనని అరిచింది.

"పూయకుండా కొడితే రక్తం కక్కుకుంటాం మేడమ్. మీ సారు వచ్చినప్పుడు గూడా మా నాయనే పూసినాడు. పొద్దున్నే, సారు లేవకముందే. కనపడకుండా తుడిచినాడు గూడా," అన్నాడు ఓబులేసు.

ఇంతమంది పండితుల నవ్వుకు మూలం ఈ గుప్పెడు పొడి.

ఎర్రబడిన ముక్క ఒకటి సంచిలో వేసుకుని, ఎవరి చెయ్యీ తగలని లోపలి చీలికలోకి దూరింది. ఉలి పెట్టి కొడుతుండగా బయట ఉరిమి వాన మొదలైంది.

"వాగొస్తాంది తల్లీ, తాడు పట్టుకో," అని ఈదయ్య బయటి నుంచి కేకేశాడు.

ఆమె రాయి తీసి వచ్చేసరికి నీళ్లు నడుముదాకా లేచాయి. ఇరుకు దారిలో ఓబులేసు తాను ఏరుకున్న మెరుపురాళ్ల మూటతో బిరడాలా ఇరుక్కున్నాడు. వదలమంటే వదలడు. సువర్చల ఉలితో మూట అడుగు చీల్చేసింది. రాళ్లు జారాయి, మనిషి కదిలాడు, ఈదయ్య ఇద్దరినీ బయటికి లాగాడు.

"నా వజ్రాలు," అని ఓబులేసు ఏడ్చాడు.

"పలుగురాళ్లయ్యా అవి. నీ చేనుగట్టున బండెడు దొరుకుతాయి," అంది సువర్చల.

ఏడాది తర్వాత అదే పండితసభలో ఆమె రెండు రాళ్లు బల్ల మీద పెట్టింది. సింధూరం పూసినదానిలో సంతసీసం. పూయనిదానిలో, నిశాపతి చెప్పినట్లే, అతి ప్రాచీనమైన మాంటిల్ సీసం. ఎర్రరాయిని తడిమి చూసిన ముసలి పండితుడొకడు, ఒకనాడు "సంతసీసం ఆచార్యుడు" అని పేరు పెట్టినవాడే, పచ్చరాయి వైపు చెయ్యి చాచాడు.

"ఆగండి," అంది సువర్చల. "ముందు చేతులు కడుక్కుని రండి."