డంప్‌స్టర్‌లోంచి తిరిగొచ్చిన స్కేట్లు

సోమవారం పొద్దున ఐలి కాఫీ తాగుతూ కిటికీ దగ్గర నిలబడేసరికి లారీ వాకిట్లోకి వెనక్కి వస్తోంది. డ్రైవరు దిగి, సిమెంటు పగలకుండా నేలమీద రెండు పలకలు పరిచి, వాటిమీదికి ఇనుప డంప్‌స్టర్‌ని జారవిడిచాడు. ఆ మోతకి అలమరలో పింగాణీ గలగలలాడింది. ఇంటి పైకప్పు మారుస్తున్నారు. పీకిన పాత తారు పెంకులన్నీ పొయ్యడానికి వారం అద్దెకి తెచ్చిన తొట్టె అది.

ఐలికి ఎనభై దాటాయి. కూతురు మార్లిస్ ఈ పనికోసమే డులూత్ నుంచి సెలవు పెట్టి వచ్చింది. పైకప్పు కారుతున్నది సరిగ్గా కెన్నీ గదిలో. కెన్నీ మార్లిస్‌కి ఒక్కగానొక్క అన్న. పంతొమ్మిదో ఏట, ఏప్రిల్ నెలలో, చేపలకని గడ్డకట్టిన సరస్సు మీద నడిచి వెళ్లి, మంచు విరిగి మునిగిపోయాడు. నలభై ఏళ్లుగా ఆ గది అలాగే ఉంది.

"ఎలాగూ తొట్టె వచ్చింది కదమ్మా, ఆ గది కూడా ఖాళీ చేసేద్దాం. అంతా బూజు."

"పారేస్తే పారెయ్. నేనేమైనా చెయ్యి పట్టుకున్నానా?"

తల్లి ఏడుస్తుందని, తలుపుకి అడ్డం నిలబడుతుందని మార్లిస్ అనుకుంది. పోట్లాటకి సిద్ధపడి వచ్చిన మనిషికి ఎదుటివాళ్లు ఊరికే ఒప్పేసుకుంటే ఎలా ఉంటుంది? మొహం చిన్నబుచ్చుకుని పైకి వెళ్లింది.

పైకప్పు పని పట్టిన డ్వేన్ మాత్రం ఒప్పుకోలేదు. "ఇది పెంకులకే, మార్లిస్. బరువెక్కువైతే లారీవాడు ఎత్తనంటాడు."

"ఒక్క మూల ఇవ్వవయ్యా."

"మీ నాన్న దగ్గర పని నేర్చుకున్నవాణ్ణి, కాదంటే ఊరుకుంటాడా?" అన్నాడు నవ్వుతూ. నాన్న రైనో పోయి ఎనిమిదేళ్లయింది.

కెన్నీ మంచుమీద జారడానికి తొడుక్కునే స్కేట్లు, బొచ్చుకోటు, ఎర చేపల డబ్బా మార్లిస్ ఆ మూలకి విసిరేసింది. సాయంత్రం డ్వేన్ తొట్టెమీద పట్టా కప్పి తాడు కట్టి వెళ్లాడు.

మంగళవారం పొద్దున స్కేట్లు పెరటి తలుపు పక్క కొక్కేనికి వేలాడుతున్నాయి. కోటు కుర్చీకి తొడిగి ఉంది. డబ్బా తుడిచి ఉంది.

"అమ్మా! ఎవరు తెచ్చారివి?"

ఐలి ఏలకుల రొట్టె కోస్తోంది. తలెత్తలేదు. "వాటికి ఇల్లు తెలుసు. వచ్చుంటాయి."

"వెటకారమా?"

"నా మోకాళ్లు చూడవే. గుమ్మం మెట్టెక్కలేనిదాన్ని, ఆ తొట్టె గోడెక్కి దూకానంటావా?"

ఆ వీధిలో తొట్టె దిగితే చాలు, పక్కింటివాళ్లు పాత పరుపు తెచ్చి అందులో పడేస్తారు, లేదా పనికొచ్చేది ఏరుకుపోతారు. అది మామూలే. కానీ తీసి, తుడిచి, తిరిగి ఇంట్లో తగిలించి పోయే పొరుగువాడు ఎక్కడుంటాడు? ఆ రోజు మార్లిస్ వాటిని తొట్టె అడుగున పెట్టి, పైన నాలుగు పారల పెంకులు తనే పోసింది.

బుధవారం పొద్దున స్కేట్లు మళ్లీ కొక్కేనికే ఉన్నాయి. తుడిచిన తడి ఇంకా ఆరలేదు. వంటింటి నేలమీద తారు పెంకులకి అంటుకుని ఉండే నల్లటి ఇసుక రాలి ఉంది. పెరటి తలుపు నుంచి మేడమెట్ల దాకా, మెట్లమీద నుంచి కెన్నీ గది దాకా.

బయట డ్వేన్ కేకేశాడు. "మార్లిస్, ఈ పట్టా ఎవరు కట్టారు? నేను వేసిన ముడి కాదిది."

వెళ్లి చూసింది. ఎడమచేత్తో రెండుసార్లు తిప్పి, కొసని లోపలికి దోపిన ముడి.

"మీ నాన్న ముడి ఇది," అన్నాడు డ్వేన్, గొంతు తగ్గించి. "ఎంత బతిమాలినా నాకు నేర్పలేదు. 'నా పిల్లలకే' అనేవాడు."

ఆ ముడి తెలిసినవాళ్లలో నాన్నా అన్నా ఇద్దరూ భూమిలో ఉన్నారు. మార్లిస్ ఇంట్లోకి పరుగెత్తింది.

"నిజం చెప్పమ్మా. అన్నయ్య వస్తున్నాడా?"

ఐలి కూతురి వైపు తిరిగింది. "నీ చేతులు చూసుకో."

గోళ్లనిండా తారు. మణికట్టు మీద ఎప్పుడు గీసుకుందో తెలియని గీత.

"నువ్వేనే," అంది ఐలి. "తెల్లారగట్ల నిద్రలోనే లేచి నడుస్తావు. కళ్లు తెరిచే ఉంటాయి, చూపే ఉండదు. మీ అన్న పోయిన ఏడాదంతా ఇంతే. సరస్సు దారి పట్టేదానివి. అప్పుడేగా మీ నాన్న తలుపుకి గంట కట్టింది."

"పిల్లి కోసమన్నారు కదా!"

"పిల్లా లేదు, గిల్లా లేదు. లేపొద్దన్నాడు డాక్టరు. వాడి వస్తువులు వాడి గదిలో కనపడితే నువ్వే వెనక్కొచ్చి పడుకునేదానివి. అందుకే ఉంచాను ఆ గది. నా కోసమనుకున్నావా? మొన్న నువ్వే పారేస్తానంటే, అమ్మయ్య, నయమైంది అనుకున్నాను."

మార్లిస్ నేలమీదే కూలబడింది. "ఆ పొద్దున అన్నయ్య నన్ను లేపాడమ్మా. ఒడ్డున నిలబడి తన తాడు పట్టుకోవడానికి రమ్మన్నాడు. నిద్రొస్తోంది పో అన్నాను. నీకెప్పుడూ చెప్పలేదు..."

"చెప్పావు. నిద్రలో. ప్రతిసారీ."

నలభై ఏళ్లుగా ఒంటరిగా మోస్తున్నాననుకున్న బరువు తల్లి చేతుల్లోనూ ఉందని తెలిసి, ఆమె చిన్నపిల్లలా ఏడ్చింది. ఐలి వంగలేక, కూతురి తలమీద చెయ్యి వేసి నిలబడింది.

కళ్లు తుడుచుకుని మార్లిస్ అడిగింది. "నేను తొట్టె ఎక్కుతుంటే నువ్వెక్కడున్నావు?"

"కింద. నిచ్చెన పట్టుకుని. జారితే?"

ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి కోటునీ డబ్బానీ తొట్టెలో వేశారు. స్కేట్లు మాత్రం కొక్కేనికే ఉంచారు.

"రేపు నిద్రలో నడిస్తే నన్ను లేపమ్మా. డాక్టరు మాట వదిలెయ్," అంది మార్లిస్.

గురువారం తెల్లవారుతుండగా ఎవరో పిలిచారు. "మార్లిస్, లే." మంచుమీద నుంచి వచ్చినట్టుంది ఆ గొంతు, పంతొమ్మిదేళ్ల గొంతులా ఉంది. అరికాళ్లకి ఏదో చల్లగా తగిలింది. కళ్లు తెరిచింది. తను నిచ్చెన మీదుంది, చేతిలో పట్టా తాడుంది. కింద నైటుగౌను మీద కోటు వేసుకుని, రెండు చేతులతో నిచ్చెన బిగించి పట్టుకుని తల్లి నిలబడి ఉంది.

"లేచాను," అంది మార్లిస్.