అమ్మమ్మకు వచ్చిన సంతాపం

"ఈ కార్డు చేసింది మీరేనా?"

హ్యాండిల్ తిప్పుతూ, ఆకులూ పూలూ కత్తిరించే డై మెషిన్‌లోకి కాగితం నెడుతున్న అమ్మాయి తలెత్తి చూసింది. గుమ్మంలో పొడుగాటి యువకుడు. బయట ఎండ కాస్తోంది గానీ అతని జుట్టు మాత్రం తడిసి ముద్దయి ఉంది. మెడలో విజిల్ వేలాడుతోంది.

"నేనేనండి," అంది సంబరంగా. చేత్తో చేసిన కార్డులు నచ్చి షాపు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు ఆమెకు కొత్త కాదు. "ఎలా ఉంది?"

"కార్డు బాగుంది. మా అమ్మమ్మ కూడా బాగుంది. చిక్కంతా అక్కడే వచ్చింది."

ఆమెకు అర్థం కాలేదు. కార్డు అందుకుంది. బూడిదరంగు ఇంకుతో వేసిన లిల్లీ పూలు, సన్నగా కత్తిరించిన ఆకులు. ఒక పూటంతా కూర్చుని చేసింది. తెరిచింది.

'ఆమె లేని లోటు ఎప్పటికీ తీరనిది. మీ దుఃఖంలో మేమూ ఉన్నాం. మీ ఆఫీసు మిత్రులు.'

"మా అమ్మమ్మకి తుంటి ఆపరేషన్ అయింది," అన్నాడతను. "కళ్ళద్దాలు దగ్గర లేవని నర్సు చేత పైకి చదివించుకుంది. ఆ నర్సు పాపం, సగం చదివి బయటికి పరిగెత్తింది."

ఆమె కొయ్యబారిపోయింది. 

"మీరు... ఫోన్‌లో ఆర్డరిచ్చిన స్విమ్మింగ్ కోచ్ గారా? పసుపు సూర్యుడు, పిచ్చుకలు?"

"ఆ దురదృష్టవంతుణ్ణి నేనే. 'త్వరగా లేచి రా, ఇంట్లో అందరం నీకోసం ఎదురుచూస్తున్నాం' అని రాయమన్నాను. మీరేమో ఆవిణ్ణి ఏకంగా సాగనంపేశారు. ఒక మనిషిని బతికుండగానే..."

అతను ఇంకా ఏదో అంటున్నాడు. ఆమెకు వినబడటం లేదు. రెండు కార్డులు, రెండు తెల్ల కవర్లు, ఒకే సైజు. ఒకటి ఇటొస్తే రెండోది ఎటు వెళ్ళినట్టు?  వెనక్కి తడుముకుంటూ స్టూలు మీద కూలబడింది.

"ఏమైందండి?" అతని గొంతులో వేడి తగ్గింది.

"మీ అమ్మమ్మ కార్డు..." చేతిలోని లిల్లీల వైపు చూసింది. "భార్య పోయిన ఆయన ఇంటికి వెళ్ళింది."

దారి పొడుగునా నూరుకుంటూ వచ్చిన దెబ్బలాట అతని నాలుక మీదే చల్లారిపోయింది. సూర్యుడు, పిచ్చుకలు, 'త్వరగా లేచి రా.' ఇద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"అడ్రస్ ఉందా?"

"ఉంది."

"బండి బయటే ఉంది. రండి."

షాపంటే వాళ్ళ ఇంటి ముందు గదే. చప్పుడు విని లోపల్నుంచి వాళ్ళమ్మ వచ్చేసరికి కూతురు ఎవరో తడి జుట్టువాడి బండెక్కుతోంది.

"ఎక్కడికే?"

"కవర్లు మార్చి పంపానమ్మా. వచ్చి చెప్తా."

*

సగం దారిలో వాన అందుకుంది; ఆయనకిద్దామని తెచ్చిన లిల్లీ కార్డు ఆమె చేతిలోనే నానిపోయింది. ఆగుదామా అని అతను అడగలేదు, ఆగమని ఆమె అనలేదు.

తలుపు తీసింది ఆ పెద్దాయన కూతురు. సంగతి వినగానే ఆవిడ మొహం జేవురించింది.

"కళ్ళు పెట్టుకుని చూడరా మీరు? మా అమ్మ పోయి వారం కూడా కాలేదు. ఈ ఇంటికి పంపాల్సిన కార్డేనా అది?"

కోచ్ ఏదో సర్దిచెప్పబోయాడు. వద్దన్నట్టు అమ్మాయి చెయ్యెత్తింది. తల వంచుకుని అన్నీ పడింది. ఆవిడ అలిసిపోయి ఆగాక లోపల్నుంచి, "రానీ అమ్మా," అని వినబడింది.

బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పసుపు సూర్యుడు బల్ల మీద ఉన్నాడు.

"కార్డు నా పేరనే వచ్చింది. తెరిచాను," అన్నాడాయన నెమ్మదిగా. "త్వరగా లేచి రా అని ఉంది. ఎవరు, ఎవరికి రాశారు అని ఆలోచించలేదమ్మా. లేచి పడగ్గది దాకా వెళ్ళాను. తలుపు తోశాక గుర్తొచ్చింది."

 అలాంటి మాట వినవలసి వస్తుందని అమ్మాయి కలలో కూడా అనుకోలేదు. కోచ్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"తప్పు నాదేనండి," అంది చివరికి. "తొందరలో అడ్రసులు మార్చి అంటించాను. ఇంకెవరి తప్పూ లేదు."

"తప్పే. కాదని నేనూ అనను." ఆయన బల్ల మీది కార్డు ఆమెకు అందించాడు. "కానీ ఫోన్ చేసి ఊరుకోకుండా వానలో వచ్చావు. నాకు రావలసిన కార్డు పంపు. మా వాళ్ళేం రాశారో చదువుకుంటాను."

బయటికొచ్చాక బండి ఎక్కకుండా అక్కడే నిలబడి ఏడ్చేసింది. వానలో ఏడుపు కనబడదంటారు గానీ, ముక్కు ఎర్రబడితే దాచేదెలా?

"ఇక ఈ పని నావల్ల కాదండి. రేపట్నుంచి షాపు మూసేస్తాను."

"మా దగ్గర ఈత నేర్చుకునేవాళ్ళు ఒక్కోసారి నీళ్ళు మింగి హడలిపోతారు," అన్నాడతను. "ఆ రోజే మళ్ళీ నీళ్ళలోకి దింపుతాం. రేపు దిగుతాలే అన్నవాళ్ళు ఇంక జన్మలో దిగరు."

"అంటే?"

"అంటే ఇప్పుడు తిన్నగా షాపుకే వెళ్తున్నాం."

వెళ్ళారు. ఆమె కళ్ళు తుడుచుకుని లిల్లీ పూలు మళ్ళీ మొదలుపెట్టింది. అతను కాగితాలు అందించాడు, అందిస్తూ రెండు పాడుచేశాడు. సాయంత్రానికి కార్డు పెద్దాయన చేతికి చేరింది. ఈసారి కవరు మీద అడ్రస్ ఇద్దరూ పైకి చదివి మరీ అంటించారు.

*

"నా చావు కబురు పంపిన పిల్లవి నువ్వేనా? ఇలా రా."

ఆస్పత్రి మంచం మీద అమ్మమ్మ మహారాణిలా ఆనుకుని ఉంది. క్షమాపణ చెప్పడానికి వెళ్ళిన అమ్మాయి కళ్ళెత్తకుండానే చేతులు జోడించింది.

"నేను టెలిఫోన్ ఆఫీసులో ఆపరేటర్‌గా చేశాను," అంది అమ్మమ్మ. "ఆఫీసు మిత్రులు అని చదవగానే మా వాళ్ళ పనే అనుకున్నా. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, నేను పైనుంచి మాట్లాడుతున్నా, ఇక్కడ లైన్ బాగానే కలుస్తోంది అన్నాను. ఒకావిడ ఫోన్ అక్కడే పడేసింది."



"అమ్మమ్మా, ఎందుకలా భయపెడతావు అందర్నీ?" అన్నాడు మనవడు.

"నువ్వూరుకోరా. ఈ పిల్ల పుణ్యాన ముప్ఫై ఏళ్ళ తర్వాత అందరితో మాట్లాడాను. ఆపరేషన్ బాధ కూడా తెలియలేదు." అమ్మాయి వైపు తిరిగింది. "ఆ ఫోన్ పడేసినావిడకి ఒక సారీ కార్డు చెయ్యి. వీడొచ్చి తీసుకుంటాడు."

అలా మొదలైంది. ఆ కార్డు తీసుకోవడానికి వచ్చాడు. తర్వాత డాక్టరుకి థాంక్స్ కార్డు. తర్వాత నర్సుకి. ఆ తర్వాత పక్క మంచం ఆవిడ మనవరాలి పుట్టినరోజుకి. అమ్మమ్మ ఇంటికొచ్చేసినా కార్డుల పరంపర మాత్రం ఆగలేదు.

వచ్చినవాడు ఊరికే కూర్చునేవాడా? డై అచ్చు తిరగేసి పెట్టి మెషిన్ తిప్పేవాడు. రబ్బరు స్టాంపు తలకిందులుగా వేసి, "ఈ పిచ్చుక బోర్లా ఈత కొడుతోంది," అనేవాడు.

ఒకరోజు ఆమె జిగురు ఇంకుతో అచ్చువేసి, దాని మీద పొడి చల్లి, వేడిగాలి కొట్టే హీట్ గన్ పెట్టింది. మసక పొడి కాస్తా అతని కళ్ళముందే కరిగి బంగారంలా మెరిసింది. అతను ఉలిక్కిపడ్డాడు.

"మళ్ళీ చెయ్యండి," అన్నాడు చిన్నపిల్లాడిలా.

"ముందు ముక్కు తుడుచుకోండి. నీలం ఇంకు అంటింది."

"ఎక్కడ?"

ఆమె గుడ్డ అందించబోయి, ఆగి, తనే తుడిచింది.  ఆ రోజు అతను కార్డు మర్చిపోయి వెళ్ళాడు.

*

అంతలోనే రావడం మానేశాడు.

ఒకరోజు చూసింది, రెండు రోజులు చూసింది. వారం గడిచింది. గుమ్మం దగ్గర ఏ అడుగు వినబడినా ఆమె చేతిలో స్టాంపు వంకర పోతోంది. ఫోన్ చేస్తే, "క్లాసులు ఎక్కువున్నాయండి," అన్నాడు. గొంతు పరాయివాళ్ళతో మాట్లాడుతున్నట్టుంది.

ఆ మధ్యాహ్నం గుమ్మంలో టకటకమని చప్పుడు. చూస్తే వాకర్ పట్టుకుని అమ్మమ్మ. వెనక ఆటో.

"అమ్మమ్మగారూ, మీరేంటి ఇలా? డాక్టరు బయట తిరగొద్దన్నారుగా?"

"డాక్టరు నా గురించి బెంగపడతాడులే. నేను మా మనవడి గురించి పడుతున్నా. ఏమే పిల్లా, మావాణ్ణి అంత మాటెందుకు అన్నావు?"

"నేనా? ఏమన్నాను?"

"'ఆ కోచ్ వస్తే పనంతా పాడు, అతని గోల వదిలితే చాలు' అన్నావట మీ అమ్మతో. వాడు గుమ్మం దాకా వచ్చి విని వెనక్కి తిరిగాడు. అప్పట్నుంచీ తిండి సరిగ్గా తినడం లేదు."

 అన్నది నిజమే. ఆవేళ వాళ్ళమ్మ, "రోజూ వస్తున్నాడు, కార్డుల కోసమేనా?" అని కళ్ళెగరేస్తే, దొరికిపోతానని భయపడి నోటికొచ్చింది అనేసింది. ఆ మాట గుమ్మం దాటి వెళ్ళి అతని చెవిన పడిందని ఇప్పుడు తెలుస్తోంది.

"సూటిగా అడుగుతా," అంది అమ్మమ్మ. "వాడంటే ఇష్టమా, కాదా? కాదంటే ఇదే ఆటోలో వెళ్ళిపోతాను. వాకర్‌తో నిలబడి సస్పెన్స్ భరించలేను."

అమ్మాయి ఇంకు మరకల ఏప్రన్ విప్పకుండానే బయటికి నడిచి ఆటోలో కూర్చుంది.

"అది నా ఆటోనే," అంది అమ్మమ్మ.

"స్విమ్మింగ్ పూల్‌కి పోనివ్వండి," అంది అమ్మాయి డ్రైవరుతో.

*

పూల్లో ఆడవాళ్ళ క్లాసు జరుగుతోంది. కొత్తగా చేరినవాళ్ళంతా గట్టు పట్టుకుని కాళ్ళు ఆడిస్తున్నారు. కోచ్ నీళ్ళలో నిలబడి విజిల్ వేస్తున్నాడు. ఆమెను చూడగానే విజిల్ మధ్యలో ఆగిపోయింది.

"మీతో మాట్లాడాలి."

"క్లాసు అయ్యాక మాట్లాడదామండి."

"అయ్యాక నాకీ ధైర్యం ఉండదు," అంటూ ఒక అడుగు ముందుకేసింది. తడి టైలు మీద చెప్పు జారింది. ఏం జరుగుతోందో తెలిసేలోపు నీళ్ళలో పడింది.

ముక్కులో నీళ్ళు, కళ్ళలో నీళ్ళు. "మునిగిపోతున్నా," అని చేతులు కొట్టుకుంది.

"లేచి నిలబడండి," అన్నాడతను పక్కనే. "నడుం లోతే."

నిలబడింది. నిజంగానే నడుం లోతే. గట్టు పట్టుకున్న ఆడవాళ్ళంతా కాళ్ళాడించడం ఆపి చూస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఇంతకన్నా పోయే పరువు ఇంకేం లేదు కదా అని కూడా అనిపించింది.

"మీరంటే నాకిష్టం," అంది. "ఆ మాట మా అమ్మ దగ్గర తప్పించుకోవడానికి అన్నాను. మీరు రాకపోతే నాకు ఏ పనీ సరిగ్గా రావడం లేదు. మీ ఉద్దేశం చెప్పండి."

కోచ్ తెల్లబోయాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. కాలు తప్పింది. అంత పొడుగు మనిషీ నడుం లోతు నీళ్ళలో బుడుంగున మునిగి, దగ్గుతూ, ముక్కు తుడుచుకుంటూ పైకి లేచాడు.

"సార్ నీళ్ళు మింగారు," అంది గట్టు దగ్గర ఒకావిడ.

"ఉండండి, దగ్గు తగ్గనివ్వండి," అన్నాడతను చెయ్యి ఊపుతూ.

"దగ్గుతూనే చెప్పండి సార్, మాకు చలేస్తోంది."

అతను ఆమె వైపు తిరిగాడు. "ఆ పెద్దాయన ఇంట్లో తల వంచుకుని 'తప్పు నాదే' అన్నారు చూడండి, ఆవేళే పడిపోయాను. అమ్మమ్మ చేసినవి మొదటి మూడు ఆర్డర్లే. మిగతావన్నీ నేను కల్పించినవి."

"పక్క మంచం ఆవిడ మనవరాలు?"

"అసలు పక్క మంచమే లేదండి. అది సింగిల్ రూమ్, మీరూ వచ్చారుగా."

ఆమె నిర్ఘాంతపోయి చూసింది. తర్వాత ఆపుకోలేక నవ్వింది. అతను చెయ్యి చాచాడు, ఆమె పట్టుకుంది. మెట్ల వైపు నడిచారు. క్లాసు క్లాసంతా చప్పట్లు కొట్టింది. అలా కొట్టడానికి అందరూ గట్టు వదిలేశారనీ, ఎవరూ మునగలేదనీ వాళ్ళు తర్వాత గానీ గమనించలేదు.

*

ఇంటికొచ్చేసరికి షాపులో అమ్మమ్మ లేదు. పక్కింటివాళ్ళ కారులో దిగబెట్టించానని అమ్మ చెప్పింది. చెప్తూ కూతుర్ని పైనుంచి కిందిదాకా చూసింది. ఏప్రన్ లోంచి ఇంకు కలిసిన నీళ్ళు కారుతున్నాయి.

"వాన పడలేదు కదే?"

"అమ్మా, నేను కోచ్‌ని పెళ్ళి చేసుకుంటాను."

అమ్మ చేతిలో ఉన్న కత్తెర బల్ల మీద పెట్టింది. "అతను అడిగాడా?"

"లేదు. నేనే వెళ్ళి అడిగాను. అందరి ముందూ." తల దించుకుంది. తిట్లు మొదలవుతాయని కాచుకుంది.

అమ్మ లోపలి గదిలోకి తొంగి చూసింది. అక్కడ నాన్న బస్సు డ్యూటీ నుంచి వచ్చి పేపరు అడ్డం పెట్టుకుని కునుకు తీస్తున్నాడు. అమ్మ దగ్గరికొచ్చి, తువ్వాలుతో కూతురి తల తుడుస్తూ గొంతు తగ్గించింది.

"మీ నాన్నని కూడా నేనే అడిగానే."

కూతురు తువ్వాలు పక్కకి లాగి అమ్మ మొహంలోకి చూసింది. పూల్లో పడ్డప్పుడు కూడా అంత ఉలిక్కిపడలేదు.

"నాన్నేమో తనే అడిగానని..."

"చెప్పుకోనీ. పాతికేళ్ళుగా చెప్పి చెప్పి ఆయన కూడా నమ్మేశాడు." అమ్మ తువ్వాలు మళ్ళీ నెత్తిన వేసి గట్టిగా రుద్దింది. "రేపు ఆ అబ్బాయిని, అమ్మమ్మగారిని భోజనానికి రమ్మను. మీ నాన్న దగ్గర మాత్రం నోరు జారకు."