గురువారం లోపు

"మీ టైమ్ అయిపోయి పది నిమిషాలైంది. బయటికొస్తారా, తలుపు విరగ్గొట్టమంటారా?"

స్టాటిస్టిక్స్ చదువుతూ, మైనర్‌గా, అంటే రెండో సబ్జెక్టుగా, కమ్యూనికేషన్, మీడియా తీసుకున్న ఆ అమ్మాయి రికార్డింగ్ గది తలుపు దబదబా బాదింది. కాలేజీ మొత్తానికి ఉన్నది ఆ ఒక్క గదే. మైనర్‌లో తనతోపాటు చేరిన కెమిస్ట్రీ అబ్బాయి వారం నుంచి దాన్ని సొంతిల్లు చేసుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. "సారీ అండీ, ఇంకో ఐదు నిమిషాలు."

"నిన్నా ఇదే మాట! మైనర్ సబ్జెక్టుకి ఇంత తపస్సా?"

అతను నవ్వలేదు. పక్కకు తప్పుకున్నాడు. మైకు ముందు, మెడకు స్కార్ఫ్ చుట్టుకుని ఒకావిడ కూర్చుని ఉంది.

"మా అమ్మ. బస్ కండక్టరు," అతను గొంతు తగ్గించాడు. "గొంతులో క్యాన్సర్. గురువారం ఆపరేషన్. ఆ తర్వాత మాట ఉండదు. రికార్డింగ్ నేర్చుకుందామనే ఈ మైనర్‌లో చేరా."

ఆ అమ్మాయి లోపలికొచ్చి తలుపు మూసింది.

"వీడికేం రాదమ్మా," ఆవిడ బొంగురుగా అంది. "నీ జీవితం గురించి చెప్పు అంటాడు. ఏముంది, టికెట్లు కొట్టడం తప్ప?"

ఆ అమ్మాయి కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇంటర్వ్యూ క్లాసులో నిద్రపోయారా?" అని అతనికో చురక వేసి, ఆవిడ వైపు తిరిగింది. "అమ్మా, ఈయన చిన్నప్పుడు చేసిన వెధవ పని ఒకటి చెప్పండి."

ఆవిడ పకపకా నవ్వింది. బడి ఎగ్గొట్టి వీడు తన బస్సులోనే చివరి సీటు కింద దాక్కున్న సంగతి మొదలుపెట్టి, నలభై నిమిషాలు ఆగలేదు. అతను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, రికార్డర్ మీద చెయ్యి ఆనించి వింటున్నాడు. ఆ చేతిమీద ఈమె చెయ్యి వేసింది.

గురువారం దాకా రోజూ కలిశారు ముగ్గురూ.

ఆదివారం మధ్యాహ్నం, ఏ హక్కుతో వెళుతున్నానో తెలియకుండానే, ఆమె ఆసుపత్రికి వెళ్లింది. అతను వరండాలో బెంచీ మీద ఉన్నాడు.

"మూడు రోజులైంది. నన్ను 'ఒరేయ్' అని పిలిచే గొంతు ఇంక లేదు."

"నేను పిలుస్తా."

"ఒరేయ్ అనా?"

"అది ఆవిడదే. నేను 'ఏమోయ్' అంటా."

అతను నవ్వబోయాడు. నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. ఆమె అతని భుజం పట్టుకుని అలాగే కూర్చుంది.

లోపలికి వెళ్లేసరికి ఆవిడ కళ్లు తెరిచే ఉంది. మెడలో ట్యూబు, ఒళ్లో కాగితం. ఇద్దరి చేతులూ కలిసి ఉండటం చూసి, పెన్ను అందుకుని మెల్లగా రాసింది: "వీడికి టీ పెట్టడం కూడా రాదు. ఆలోచించుకున్నావా?"

జవాబు రాద్దామని ఆమె పెన్ను తీసుకోబోయింది. ఆవిడ ఆ చేతిమీద చిన్నగా కొట్టి, తన చెవి చూపించింది.

"ఆలోచించుకున్నానమ్మా," అంది ఆమె, పక్క మంచాలవాళ్లందరికీ వినపడేలా.