గట్టిమేళం వేళ తిరిగిన కెమెరా

ఆ పొద్దున గోపాలప్ప చేతిలో ఉన్న ఆస్తి ఏమిటంటే, కాటన్‌పేటలో కింద స్టూడియో, పైన ఇల్లు, ఇంట్లో భార్య శశికళ, ఇద్దరు కూతుళ్ళు, ఇవి కాక బజారులో ఒక పేరు. మిగతావాటి లెక్క ఎప్పుడు చూసుకున్నా పెద్ద తేడా రాదు. పేరు మాత్రం ఈ మధ్య అరిగిపోతోందని అతని అనుమానం.

ఆ పేరు చిన్నదేం కాదు. బజారులో పాత తెలుగు కుటుంబాల పెళ్ళంటే ఫోటోలు గోపాలప్పవే. వరుడు తాళి ఎత్తగానే అతను కుడిచేయి పైకి లేపి "ఆగండి స్వామీ!" అనేవాడు. పురోహితుడు ఆగేవాడు. వరుడు తాళి పట్టుకుని కెమెరా వైపు తిరిగేవాడు, వధువు గడ్డం ఎత్తేది, లైటు వెలిగేది. గోపాలప్ప చేయి దించాకే గట్టిమేళం మోగేది. వాయిద్యాలవాళ్ళు పురోహితుడి వేలు కంటే ముందు గోపాలప్ప చేయి చూస్తారని పెళ్ళి ఛత్రాలన్నిటా చెప్పుకునేవాళ్ళు.

ఆ పేరుకు అడ్డం వచ్చింది బయటివాడైతే గోపాలప్పకు దారి తెలుసు. రేటు తగ్గించి, కొన్నాళ్ళు నష్టానికైనా పనిచేసి, వాణ్ణి బజారు దాటించేవాడు. కానీ వచ్చింది రెండో కూతురు పల్లవి. కూతురి మీద రేటు తగ్గించడం ఎలాగో అతనికి ఏ వ్యాపారీ నేర్పలేదు.

పల్లవి పద్ధతి వేరు. ఎవరినీ ఆపదు, ఎవరినీ నవ్వమనదు. పెళ్ళి జరుగుతుంటే పిల్లిలా పక్కపక్కన తిరుగుతూ జరిగింది జరిగినట్టు తీసుకుంటుంది. మొదట్లో హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ ఆఫీసుల పిల్లలు పిలిచేవాళ్ళు. గోపాలప్ప పట్టించుకోలేదు. పోయిన నెల ఎదురు వీధి బట్టల కొట్టాయన వచ్చాడు. ఆయన పెళ్ళి ఫోటోలు, పిల్లల నామకరణాల ఫోటోలు అన్నీ గోపాలప్ప తీసినవే. ఆ మనిషి స్టూడియో దాటి, మెట్లెక్కి పైకి వెళ్ళి, "మా పాప పెళ్ళి పెట్టుకున్నాం, పల్లవి ఉండాదా?" అని అడిగాడు. ఆ రోజు నుంచి గోపాలప్పకు కాఫీ రుచించడం లేదు.

ఇవాళ కాఫీ వేళకే కాబోయే వియ్యపురాలు ఛాయాదేవి బ్రూక్‌ఫీల్డ్ నుంచి వచ్చింది. పెద్దకూతురు దివ్యకు ఆమె కొడుకు భరత్‌తో పెళ్ళి నిశ్చయమైంది. చీరల సంగతి మాట్లాడి లేవబోతూ ఆవిడ అంది.

"అన్నయ్యా, ఫోటోలు మన పల్లవే తీస్తాది కదా? మా పక్కింట్లో పెళ్ళికి ఒకటి తీసినాది. అవ్వ ఒకామె నోట్లో పిన్ను పట్టుకోని మనవరాలి జడ సరిచేస్తా ఉండాది. వాళ్ళింటికి పోయినోళ్ళంతా పెళ్ళికూతుర్ని వదిలిపెట్టి ఆ అవ్వనే చూస్తా ఉండారు."

"తీస్తాది, తీస్తాది," అన్నాడు గోపాలప్ప నవ్వుతూ. స్టూడియోలో అందరికీ నేర్పే నవ్వే అది. పెదాల వరకే ఉంటుంది, కళ్ళ దాకా పోదు.

ఆవిడ ఆటో వీధి మలుపు తిరిగిందో లేదో, అతను కాఫీ గ్లాసు ఠక్కున కింద పెట్టాడు.

"నా కూతురి పెళ్ళికి నేను ఫోటోగ్రాఫరు కానా?"

"నువ్వు పెళ్ళికూతురి నాయనవి అప్పా," అంది దివ్య. "కాళ్ళు కడిగేదెవరు? ధారె నీళ్ళు పోసేదెవరు? కెమెరా మెడకి తగిలించుకోని కన్యాదానం చేస్తావా?"

"ఏం, చెయ్యలేనా?"

"చేస్తాడు," వంటింట్లోంచి శశికళ గొంతు వచ్చింది. "అల్లుడి కాళ్ళు కడుగుతా, 'స్వల్ప ఎడమకాలు ముందుకి పెట్టప్పా' అంటాడు."

దివ్య నవ్వింది. మూలన కూర్చుని బ్యాటరీలు ఛార్జింగ్‌కు పెడుతున్న పల్లవి కూడా నవ్వింది. ఆ రెండో నవ్వే గోపాలప్పకు తగలరాని చోట తగిలింది.

"నవ్వు, బాగా నవ్వు. నీ ఫోటోల్లో ఒక్కరైనా కెమెరా వైపు చూస్తారా? తల దువ్వుకోని, చీర సర్దుకోని నిలబడితే మనిషికి గౌరవం. నోట్లో పిన్ను పెట్టుకున్నదాన్ని చాటుగా తీసి గోడకి తగిలిస్తే గౌరవమా?"

"ఆ అవ్వకి ఇష్టమయ్యే తగిలించుకున్నారప్పా."

"కొత్త సరుకు! కొన్ని దినాలు ఆడతాది. తాళి పట్టుకోని నిలబడిన ఫోటో లేకుంటే అది ఆల్బమ్మేనా?"

పల్లవి చేతిలో పని ఆపింది. "నువ్వు ఆపి తీసేది తాళి కట్టే ఫోటో కాదప్పా. కట్టకముందు నిలబడిన ఫోటో. కట్టేటప్పుడు వాళ్ళ ముఖాలు ఎట్లుంటాయో ఇన్నేండ్లలో ఒక్కసారన్నా చూసినావా? అప్పటికి నువ్వు కెమెరా దించేసి ఉంటావు."

గోపాలప్ప లేచి చొక్కా గుండీలు పెట్టుకున్నాడు.

"నా లైట్ల కింద పెరిగి నాకే చెప్పేదానివైనావు. సరే, నువ్వే తీయి. ఒక్కటి తప్పిపోవాల, అప్పుడు చూస్తా."

"చూడు," అని పల్లవి గదిలోకి వెళ్ళిపోయింది.

శశికళ గరిటెతోనే బయటికి వచ్చింది. "ఏమండీ, కన్నబిడ్డ మీద కుళ్ళుకుంటా ఉండారే, సిగ్గనిపించదా?"

"కుళ్ళా? నాకా?" అంటూ అతను మెట్లు దిగాడు. ఆ మాట కూడా అతని వెంటే స్టూడియోలోకి దిగింది.

కింద ఫయాజ్ షట్టరు ఎత్తుతున్నాడు. పెళ్ళిళ్ళలో లైటు పట్టడంతో మొదలుపెట్టి, కెమెరా దాకా గోపాలప్ప దగ్గరే పెరిగిన మనిషి. తలలో తెల్ల వెంట్రుకలు కూడా ఇక్కడే వచ్చాయి.

"ఫయాజూ, పెళ్ళికి నువ్వు రావాల."

"పిలవకున్నా వస్తా అన్నా. దివ్యమ్మ పెళ్ళి."

"సుమ్మనే, ఊరికే వస్తే కాదు. కెమెరా సంచిలో వేసుకోని రా. గట్టిమేళం వేళకి మండపానికి ఎడమపక్క, అరటిబోదె దగ్గర నిలబడు. తాళి ఒక్కటి తీయి. ఎవరికీ చెప్పొద్దు."

"పల్లవమ్మ ఉండాది కదన్నా?"

"ఉండనీ. ఇది ఇన్సూరెన్సు."

ఫయాజ్ తల ఊపి షట్టరు పూర్తిగా ఎత్తాడు. పల్లవి తప్పితే ఎత్తి చూపడానికి గోపాలప్పకు సాక్ష్యం కావాలి. తప్పకపోతే పక్కన పెట్టి పోల్చడానికి సరుకు కావాలి. ఎటు తిరిగినా తనకు నష్టం రాని బేరం అనుకున్నాడు.

పెళ్ళిరోజు ఛత్రంలో అతనికి చేతులు ఏం చేసుకోవాలో తెలియలేదు. పెళ్ళిలో ఖాళీ చేతులతో నిలబడటం అలవాటు లేదు. దానికి తోడు పల్లవి కెమెరా ఎటు తిరిగినా అతని కళ్ళకు ముందే తెలిసిపోయేది. వెంటనే పొట్ట లోపలికి, గడ్డం పైకి, చూపు సూటిగా లెన్సులోకి.

"అప్పా, నన్ను చూడొద్దు," పక్కనుంచి వెళుతూ గుసగుసగా అంది పల్లవి. "అల్లుడి కాళ్ళు చూడు."

"వాటినే చూస్తా ఉండా," అన్నాడు, మళ్ళీ లెన్సే చూస్తూ. చెంబులో నీళ్ళు పళ్ళెంలో పడలేదు, భరత్ పంచె మీద పడ్డాయి. మండపం కింద బంధువులు ఘొల్లుమన్నారు.

"గోపాలప్పా! ఊరందరినీ ఆగండి ఆగండి అనేవాడివి, ఇప్పుడు నువ్వాగప్పా స్వల్ప!" అని ఎవరో అరిచారు.

అది ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది వేరే ఉంది. బట్టల కొట్టాయన పల్లవి వెనకాలే తిరుగుతూ, "ఈ పాప తీస్తా ఉంటే కెమెరా ఉండాదనే మరిచిపోతాం" అని కనబడిన ప్రతి ఒక్కరికీ చెబుతున్నాడు. ప్రతిసారీ గోపాలప్ప అటువైపు తిరిగి నవ్వాల్సి వచ్చింది. కూతుర్ని మెచ్చుకుంటే నవ్వని తండ్రి ఉంటాడా?

కన్యాదానం అయింది. తాళి పళ్ళెం అందరి చేతులూ తాకి మండపానికి తిరిగొచ్చింది. గోపాలప్ప గుప్పిట్లో అక్షింతలు పట్టుకుని, శశికళ పక్కనుంచి మెల్లగా జారుకుని మెట్లు దిగాడు. ఎడమపక్క అరటిబోదె దగ్గర ఫయాజ్ ఉన్నాడు, కొత్త పట్టుచొక్కాలో, కెమెరా కంటికి ఆనించి. సరే, సరుకు చేతికొచ్చినట్టే.

భరత్ తాళి ఎత్తాడు. గోపాలప్ప కుడిచేయి దానంతటదే లేచింది. "ఆగండి స్వామీ" నోటి దాకా వచ్చింది. ఆ చేతిని వాయిద్యాలవాళ్ళు చూడలేదు, పురోహితుడు చూడలేదు. మేళం ఒక్కసారిగా మోగింది. దివ్య తల వంచింది. ఆ తర్వాత కాసేపు ఏమైందో అతనికి గుర్తులేదు. తేరుకునేసరికి జనం అక్షింతలు చల్లుతున్నారు. మండపం అంచున పల్లవి వీపు పెళ్ళివాళ్ళ వైపు, కెమెరా జనం వైపు ఉన్నాయి. ఆమె అప్పుడే కెమెరా దించుతోంది.

తాళి ఫోటో తప్పింది! కన్నకూతురి పెళ్ళిలో గోపాలప్ప గుండెలో మొదట కదిలింది సంతోషం. అది ఆ రోజంతా తగ్గలేదు. భోజనాల పంక్తిలో కూడా అతను పక్కవాళ్ళకు పాయసం మారు వేయించి, తనూ వేయించుకున్నాడు.

మర్నాడు స్టూడియోలో ఫయాజ్ తన ఫోటోను తెర మీద పెట్టాడు. ముడి వేస్తున్న భరత్, కళ్ళు మూసుకున్న దివ్య, ఓ మూలన పల్లవి వీపు.

"ఈ మూల కట్ చేసేదా అన్నా?"

"వద్దు. ఉండనీ. అదే కావాల్సింది."

కొత్త దంపతులు మొదటిసారి ఇంటికి వచ్చారు. ఛాయాదేవి కూడా వచ్చింది. భోజనాలయ్యాక పల్లవి ల్యాప్‌టాప్‌ను టీవీకి తగిలించింది. ఒక్కో ఫోటో వస్తుంటే హాలంతా నవ్వులు. దివ్య మెట్టెలు బిగుతుగా ఉన్నాయని ముఖం చిట్లించింది ఒకదానిలో. భరత్ తడిసిన పంచెను విదిలించుకుంటున్నాడు ఇంకోదానిలో. గోపాలప్ప మాత్రం వచ్చిన ప్రతిదానిలోనూ బిగుసుకుని సూటిగా చూస్తున్నాడు.

"ఈయన పెళ్ళికి వచ్చినాడా, ఆధార్ కార్డుకి వచ్చినాడా?" అంది శశికళ.

గోపాలప్ప నవ్వలేదు. అతను దేని కోసమో కాచుకుని ఉన్నాడు. అది ఛాయాదేవి నోట వచ్చింది.

"పల్లవీ, తాళి కట్టేది యాడమ్మా?"

"అది నేను తీయలేదత్తా."

దివ్య చెల్లెలి వైపు తిరిగింది. "తీయలేదా? ఏమైందే?"

గోపాలప్ప లేచాడు. బీరువా మీద కవరులో పెట్టిన ప్రింటు తెచ్చి ఛాయాదేవి చేతికిచ్చాడు. "ఇది నేను తీయించినా చెల్లమ్మా. నేను ఉండబట్టి సరిపోయింది. ఆ మూలన వీపు ఎవరిదో చూడండి. అక్క మెళ్ళో తాళి పడతా ఉంటే జనాన్ని చూస్తా నిలబడినాది. పాయసం చల్లారితే మళ్ళీ కాచుకుంటాం పాపా. ముహూర్తం మళ్ళీ వస్తాదా?"

పెళ్ళిరోజు నుంచి లోపల దాచుకున్న మాట. అనేశాక మనసు తేలికవుతుందనుకున్నాడు. దివ్య కళ్ళలో నీళ్ళు చూశాక కాలేదు. చెల్లెల్ని ఇలా నిలబెట్టినందుకు వచ్చిన నీళ్ళవి.

పల్లవి ప్రింటు తీసుకుని చాలాసేపు చూసింది. "బాగా తీసినాడు ఫయాజన్న," అంది. "తీస్తాడని నాకు తెలుసు."

"నీకెట్ల తెలుసు?"

"టిఫనుకి పిలిచినా అరటిబోదె వదల్లేదు ఆయప్ప. అయినా అంతకుముందే తెలుసు. ఒక్కటి తప్పిపోవాల అన్నావు కదా. తప్పేదాకా ఊరికే కూర్చునే మనిషివా నువ్వు? ముందే ఏర్పాటు చేసుకుంటావు. నేను నీ కూతుర్ని కాదా, నాకా మాత్రం లెక్క రాదా?" ఆమె ప్రింటు పక్కన పెట్టింది. "ఫయాజన్న తాళి తప్పడు. అందుకే ఆ ఒక్క నిమిషం నాకు ఖాళీ దొరికింది. ఎవరూ తీయంది తీసుకున్నా."

ఆమె మీట నొక్కింది. తెర నిండా గోపాలప్ప వచ్చాడు.

ఎడమ గుప్పిటలో అక్షింతలు వేళ్ళ సందుల్లోంచి కారిపోతున్నాయి. కుడిచేయి కంటి దగ్గర ఉంది. ఆ చేతిలో కెమెరా లేదు, చూపుడువేలు మాత్రం గాలిలో నొక్కుతోంది. ఎడమకన్ను గట్టిగా మూసుకుంది, మూసిన ఆ కంట్లోంచి నీళ్ళు మీసం దాకా జారాయి. చుట్టూ జనం అక్షింతలు విసురుతుంటే, వాళ్ళ మధ్య ఒక్క మనిషి తన కూతురి మెడలో తాళి పడటాన్ని ఖాళీ చేత్తో ఫోటో తీసుకుంటున్నాడు. పొట్ట బిగించలేదు. గడ్డం ఎత్తలేదు. ఎవరూ అతణ్ణి ఆపలేదు.

గోపాలప్ప టీవీ దగ్గరికి నడిచాడు. "ఇది నేనా?"

"నువ్వే," అంది శశికళ, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "ఇంట్లో ఇన్ని ఆల్బమ్‌లు ఉండాయి. ఒక్కదాంట్లో నువ్వు లేవు. ఇప్పుడు వచ్చినావు."

"దీనికోసం తాళి వదిలేసినావా?" అతను పల్లవిని అడిగాడు.

"నీ సరుకు మీద నమ్మకముండబట్టి వదిలినా."

అతను కుర్చీలో కూర్చున్నాడు. తలవంచుకుని, "నీ వీపు దొరికిందని సంతోషపడినా పాపా. పాయసం రెండుసార్లు తిన్నా," అన్నాడు.

"తెలుసు. అది కూడా తీసినా," అంది పల్లవి. మొదట దివ్య నవ్వింది, ఆ తర్వాత ఏడుస్తూనే అతనూ నవ్వాడు.

కొన్నాళ్ళకు బట్టల కొట్టాయన కూతురి పెళ్ళి ముహూర్తం చెప్పడానికి వచ్చి స్టూడియో ముందు ఆగాడు. షోకేసు అద్దంలో రెండు ఫోటోలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానిలో మూలన వీపు తిప్పిన పల్లవి, రెండోదానిలో ఆమె అటు తిరిగి ఎవరిని చూసిందో ఆ మనిషి.

"ఇంతకీ మా పెళ్ళికి ఎవరొస్తారప్పా?"

"ఇద్దరం వస్తాం. నేను అరటిబోదె దగ్గర నిలబడతా."

"చేయి ఎత్తకూడదు," పై నుంచి పల్లవి అరిచింది.

"ఎత్తనులే!"

ఇక గోపాలప్ప లెక్క. బజారులో పేరు సగమైంది, పోయిన ఆ సగం మెట్లెక్కి పైన పల్లవి దగ్గరికే చేరింది. వాయిద్యాలవాళ్ళు అతని చేయి చూడటం మానేశారు. అది పోయినట్టే రాసుకోవాలి. తాళి కట్టేటప్పుడు మనుషుల ముఖాలు ఎలా ఉంటాయో ఇప్పుడు ప్రతి పెళ్ళిలోనూ చూస్తున్నాడు. అది వచ్చింది. అన్నీ తీసివేయగా అతని చేతిలో మిగిలినది అద్దంలోని ఆ ముఖం. ఊరందరి ముఖాలూ సరిచేసిన మనిషికి, సరిచేయని తన ముఖాన్ని కూతురు తెచ్చి ఇచ్చింది.