రాజేశం సారు చేతికర్ర

ఆ చప్పుడు మొదటిసారి విన్నప్పుడు అనుదీప్ తన గుండే అనుకున్నాడు.

అనుకోడా మరి? ముప్పై నిండకముందే బీపీ పట్టుకుంది. "ఉప్పు, పచ్చళ్లు తగ్గించు. రోజు నడువు. చలికాలం పోయేలోపు దిగకుంటే గోళీలు రాస్త" అన్నాడు చిక్కడపల్లి డాక్టరు. ఈ వయసులో గోళీలంటే అనుదీప్‌కు హడల్.

అందుకే తెల్లవారుజామున అశోక్‌నగర్ నుంచి నారాయణగూడ చౌరస్తా దాకా నడక. పొగమంచులో వీధిదీపాలే సరిగా కనబడవు. వెనక టక్... టక్... తను ఆగితే అదీ ఆగుతుంది. తిరిగి చూస్తే మంచు తప్ప ఏమీ లేదు.

చౌరస్తాలో చాయ్ బండి పీరయ్యను అడిగాడు. పీరయ్య చాయ్ పోయడం ఆపి మంచులోకి చూశాడు.

"రాజేశం సారు చేతికర్ర సప్పుడది, సారూ. కింద ఇనుప పొన్ను ఉంటది. రోజు సాయంత్రం మిర్చీలు తిననీకి వస్తుండె. బీపీ పెరిగి పోయిండు, ఏడాదైంది."

మర్నాటి నుంచి అనుదీప్ ముసుగుతన్ని పడుకున్నాడు.

తర్వాత పరీక్షలో డాక్టరు మొహం చిట్లించాడు. "పెరిగింది. నడుస్తలేవా? వచ్చే నెల గూడ ఇట్లనే ఉంటే గోళీలే."

దయ్యం వెంటపడుతోందని డాక్టరుకు ఏ మొహంతో చెప్పాలి? చచ్చినా బతికినా తేల్చుకుందామని మళ్లీ బయలుదేరాడు. టక్... టక్... మూసి ఉన్న పాన్ డబ్బా చాటున నక్కాడు. మంచులోంచి పాత కోటు, మంకీ క్యాప్, కర్ర వచ్చాయి.

"రా... రాజేశం సారూ!"

టోపీ తీయగానే జడ జారింది.

"సారు బిడ్డను. నర్మద."

"ప్రాణం తీసిన్రు గదండీ! ఈ వేషమేంది?"

"నాకు గూడ బీపీ వచ్చింది. డాక్టర్ నడువుమన్నడు. ఆడపిల్ల ఒక్కతి నడుస్తే పోకిరోళ్లు ఊకుంటరా? నాయన కర్ర సప్పుడింటే ఒక్కడు దగ్గరికి రాడు. మీరు ఆగినప్పుడల్లా నేనే పరేషానై ఆగుతుంటి!"

ఇద్దరూ నవ్వారు. ఆ రోజు నుంచి నడక ఇద్దరిదీ అయింది. ఉప్పులేని సొరకాయ కూర ఎవరింట్లో ఎంత ఘోరంగా ఉందో చెప్పుకుంటుంటే చౌరస్తా ఎప్పుడొచ్చేదో తెలిసేది కాదు. నెల తర్వాత ఇద్దరికీ బీపీ దిగింది. "ఇప్పటికైతే గోళీలు వద్దు. నడక మాత్రం ఆపకున్రి" అన్నాడు డాక్టరు.

మర్నాడు నర్మద కోటు లేకుండా, ఒట్టి చేతులతో వచ్చింది.

"కర్రేది?"

"మీరుండంగ కర్రెందుకు? ఇంట్ల పెట్టి తాళమేసిన."

అనుదీప్ గొంతు సవరించుకున్నాడు. "అయితే... జిందగీ అంతా ఇట్లనే నడుద్దామా, నర్మదా?"

ఆమె నోరు తెరిచేలోపే వెనక మంచులో... టక్... టక్.

అనుదీప్ ఒళ్లు చల్లబడింది. నర్మద చెయ్యి వచ్చి అతని చేతిని గట్టిగా పట్టుకుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"బతికున్నప్పుడు ఎంత బతిమాలినా ఒక్క పొద్దు నడకకు రాలే" అంది మెల్లగా. "తిరిగి చూడకున్రి, సిగ్గుపడతడు. జర నిదానంగ నడువున్రి. నాయనకు అలవాటు లేదు."